రేంజిలోనే ఉంది, పో!

రాజంపేట పక్క మామిడి పూతకు తేనెమంచు పురుగు తగిలితే గంటలో మందులంగడికి కబురు చేరుతుంది. ఆ మందు కొట్టే మనిషి నెత్తురు కబురు మాత్రం 1971 నుంచి దారిలోనే ఉంది. ఆ ఏటి పురుగుమందుల నిబంధనల్లో 37వది తేటగా చెప్పింది: పనిలోకి దిగేముందు వైద్య పరీక్ష చేయాలి, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులతో పనిచేసేవాళ్లకు నెలనెలా నెత్తుర్లో, ఆ మందుల దెబ్బకు తగ్గే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కొలవాలి. రాసినవాళ్లు ధర్మాత్ములు. ఆ నిబంధన తోట కంచె దాటకుండా కాపలా కాసినవాళ్లు మహా ధర్మాత్ములు.

డ్రమ్ములో మందును కర్రతో కలిపి, గన్ను పైకెత్తి కొమ్మల్లోకి కొడతాడు కూలీ. కొంత పూతకు, కొంత వాడి మొహానికి. మూతికి చుట్టిన తువ్వాలే మాస్కు. తడిసిన చొక్కా పొద్దుగుంకేదాకా ఒంటిమీదే. చూపు మసకేసి, నోట్లో నీళ్లూరితే మేస్త్రీ వైద్యం చేస్తాడు: "మందు వాసన పట్టింటాదిలే, ఇంత మజ్జిగ తాగుపోరా."

మరీ పడిపోతే టౌనుకు తెచ్చి నెత్తురు తీస్తారు. "రేంజిలోనే ఉంది, పో!"

ఆ రేంజి మహత్యం అంతా ఇంతా కాదు. ఈ ఎంజైము ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే ఒక్కొక్కరికి ఒక్కో మట్టంలో ఉంటుంది. పై అంచున ఉన్నవాడు సగం పోగొట్టుకున్నా కాగితం మీద నిక్షేపంగా ఉంటాడు. ప్లాస్మాలోది కాలేయం చెడినా, తిండి చాలకున్నా తగ్గుతుంది. మందు మానితే వారాల్లో తేరుకుంటుంది. ఎర్రకణాల్లోది తేరుకోవాలంటే నెలలు పట్టొచ్చు. ఏది కొలిచారు, ఎప్పుడు తీశారు, ఏ పద్ధతిలో చూశారు? అడిగేవాడెవడు!

ఈ చిక్కు తెలిసే కాలిఫోర్నియాలో కనీసం 30 రోజులు ఆ మందులకు దూరంగా ఉన్న మనిషి నెత్తురు తీసి, వాడి సొంత అంకె రాసిపెట్టుకుంటారు. అందులో 80 శాతం కిందికి జారితే పని తీరు తనిఖీ చేస్తారు. ఎర్రకణాల్లో 70కి, ప్లాస్మాలో 60కి దిగితే మందు పని మాన్పిస్తారు. మన కూలీ 30 రోజులు మందు ముట్టకుంటే పొయ్యి రాజేసేదెవరు? సొంత అంకె లేనివాడికి ఊరందరి అంకే గతి.

పెద్దలకు ఇదీ ఒకందుకు మంచిదే. అంకె బాగుంటే మందు మంచిది. పడిపోయిందా, "వాడు తాగుతాడు సార్, తిండి సరిగ్గా తినడు." ఎటు తిప్పినా తోటకు మచ్చ రాదు.

నాదొక మనవి. విదేశాలకు పోయే మామిడికాయకు మందు అవశేషాల పరీక్ష చేస్తారు కదా. ఈ కూలీని కూడా అదే పెట్టెలో గడ్డి పరిచి పడుకోబెట్టండి. సరుకు తిప్పి పంపడానికైనా అవతలి దేశంవాడు వీడి నెత్తురు చూస్తాడు.