జయపురం నెట్ సెంటర్ కంప్యూటర్ ఆత్మకథ

ఒడిశాలోని జయపురం బజారులో, ఓ నెట్ సెంటర్‌లో పాత కంప్యూటర్ ఒకటి తన కథ చెబుతోంది. ‘నేను’ అనదు, ‘ఈ కంప్యూటర్’ అంటుంది. తన గొప్పకన్నా ఎదురుగా కూర్చున్న పిల్లల సంగతే దానికి ముఖ్యం.

ఈ కంప్యూటర్ కొలువున్నది చదువులకు చేయూతనిచ్చిన ఊళ్లో. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ జయపురం మహారాజే. ఇక్కడ 1947లో మొదలై, ఆయన పేరు పెట్టుకున్న కాలేజీ 2023లో విశ్వవిద్యాలయమైంది. మహారాజు కాలంలో దాత ఎవరో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఇచ్చేవాళ్లూ, ఇస్తామని దోచుకునేవాళ్లూ ఒకే తెర మీద కనిపిస్తున్నారు.

ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో చేరిన ఓ అమ్మాయి ఒకరోజు ఫోన్ పట్టుకుని వచ్చింది. “అన్నా, నాకు స్కాలర్‌షిప్, లాప్‌టాప్ వచ్చాయంట. ఫీజు కడితే పంపిస్తారంట.”

లింకు తెరిస్తే మూడు సింహాల ముద్ర, ప్రధాని ఫొటో. బొమ్మలు ఎవరైనా అతికించగలరు. ఈ కంప్యూటర్ చదివేది పైనున్న చిరునామా. “చూడమ్మా, డాట్ గవ్ డాట్ ఇన్ లేదు. గవ్ ముందు చుక్క ఉండాలి, ఇక్కడ అడ్డగీత ఉంది,” అన్నాడు సెంటర్ నడిపే అన్న. ఉచిత లాప్‌టాప్ సందేశాలు నకిలీవని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పలుమార్లు చెప్పింది.

తర్వాత ఇద్దరూ అసలు చోట్లు తెరిచారు. ఒకటి ఒడిశా ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్. ఎస్టీ, ఎస్సీ, ఓబీసీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ దరఖాస్తులు అక్కడే. రెండోది జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్. అందులో ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ (ఓటీఆర్) నంబరు తీసుకోవాలి. ప్లస్ టూలో 80వ పర్సంటైల్ దాటి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు మించని పిల్లలు కేంద్ర పథకానికి పోటీపడవచ్చు. ఎంపికైతే డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000, పీజీలో 20,000 రూపాయలు వస్తాయి. ఈ పోర్టళ్లు దరఖాస్తుకు రుసుము అడగవు. డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే నేరుగా వస్తుంది కాబట్టి, బ్యాంకుకు వెళ్లి ఆ ముడి పడిందో లేదో చూసుకోవాలి.

మోసగాళ్లు పిల్లల్ని ఏమార్చడంతో ఆగరు, పిల్లల పేర్లనే వాడుకుంటారు. మైనారిటీ స్కాలర్‌షిప్‌ల తనిఖీలో 1,572 సంస్థలను చూస్తే 830 బోగస్‌వో, మూతపడినవో అని తేలింది. 2023లో సీబీఐ కేసు పెట్టింది.

అందుకే ఈ కంప్యూటర్ తన గురించి కూడా హెచ్చరిస్తుంది. ఎవరో స్కాన్ చేసిన ఆధార్, పాస్‌బుక్ దీని కడుపులో నెలల తరబడి పడి ఉంటాయి. లేచే ముందు వాటిని చెరిపించండి, లాగౌట్ అవండి. ఫారంలో సెంటర్ నంబరు కాదు, మీ ఫోన్ నంబరే రాయించండి. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకండి. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరమే లేదు. అప్పటికే డబ్బు పోయిందా? సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.