అడ్మిన్ ప్రభువుల వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అడ్మిన్ గారి సముఖమునకు,

మెట్టుగూడ మెట్రో స్టేషన్ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్ దాకా ఎన్ని హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, అద్దె గదులు ఉన్నాయో అన్నింటా గోడకు వేలాడే వైఫై డబ్బాలో కొలువుదీరింది తమరే. తమకు ఓటేసినవాడు లేడు, దించేవాడూ కనపడడు. పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. ఇంత దాపరికం లేని పాలన మరే ప్రభుత్వంలోనూ చూడలేదు.

ఈ ఔదార్యం దేశాలు దాటి ప్రసిద్ధి చెందింది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ దీన్నే నమ్ముకుని బయల్దేరింది. దానికి పెద్ద విద్యలేమీ రావు. ఫ్యాక్టరీల్లో పెట్టి పంపే పేరు-పాస్‌వర్డ్ జంటలు ఓ అరవై దాకా రాసుకున్న చిట్టా ఉంది, అంతే. నెట్‌లో తగిలిన ప్రతి కెమెరాకూ, రౌటర్‌కూ వాటినే వరసగా వినిపించింది. లక్షల పరికరాలు లొంగిపోయాయి. ఆ అక్టోబరు 21న అలా లొంగిన పరికరాల సైన్యమే, వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే కంపెనీ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి అందకుండా పోయాయి. మిరాయ్‌ని రాసిన ముగ్గురు కుర్రాళ్లలో ఒకడు అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీ విద్యార్థి. తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌నే పదేపదే పడగొట్టానని తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు. మన ఉస్మానియా పిల్లలకు కోపమొస్తే ఆర్ట్స్ కాలేజీ ముందు బైఠాయిస్తారు. ఎంత మర్యాదస్తులో ఇప్పుడు తెలుస్తోంది.

పోనీ, పాస్‌వర్డ్ మార్చాం అనుకోండి. డబ్బా వెనక ఓ చిన్న రంధ్రం ఉంది కదా! పిన్నీసు దూర్చి పది సెకన్లు అదిమితే తమరు మళ్లీ సింహాసనం ఎక్కుతారు. పెద్ద ఆఫీసుల సిస్కో రౌటర్లదీ ఇదే కథ. కన్సోల్ కేబుల్ తగిలించి, కరెంటు ఆపి మళ్లీ వేసి, లోపలి కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో ఒక విలువ మారిస్తే రౌటర్ పాత పాస్‌వర్డ్ ఊసే ఎత్తకుండా లేస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోయిన యజమాని కోసం కంపెనీవాళ్లే మాన్యువల్లో రాసిన దారి ఇది. యజమాని ఎవరో, దొంగ ఎవరో డబ్బాకేం తెలుసు? ఎదుట నిలబడ్డవాడే దానికి దొర. ఆ దారి మూసే ఆదేశమూ ఉంది. కాకపోతే అది ఇచ్చాక పాస్‌వర్డ్ మరిచిపోతే సెట్టింగులన్నీ చెరిపి మొదటి నుంచి పెట్టుకోవాలి. సెట్టింగుల కాపీ ఒకటి దాచుకున్నవాడికి అదేం కష్టం కాదు. మెట్ల కింద, వరండాలో వేలాడే పరికరాలకైతే మూసెయ్యడమే నయమని నా అభిప్రాయం.

ఇక దొంగతనం సంగతి. ఫోన్ పోతే ఐఎంఈఐ నంబరుతో బ్లాక్ చేయిస్తాం. కేంద్ర ప్రభుత్వపు సీఈఐఆర్ పోర్టల్ సాయంతో మన పోలీసులు పోయిన ఫోన్లు వెతికి ఇస్తున్నారు కూడా. ఐఫోన్‌కు 2013 నుంచే యాక్టివేషన్ లాక్ ఉంది. ఆండ్రాయిడ్‌ను దొంగ రీసెట్ చేసినా పాత గూగుల్ ఖాతా అడుగుతుంది. వైఫై డబ్బాకు ఈ భాగ్యం ఏదీ? సిమ్‌తో పనిలేని డబ్బాకు ఐఎంఈఐ ఉండదు. ఉన్న మ్యాక్ అడ్రస్ పక్క పరికరం దాకానే వినిపిస్తుంది, ఇంటర్నెట్‌లో ముందుకు పోదు. చిలకలగూడలో పోయింది ఉప్పల్‌లో వెలిగినా ఎవరికీ తెలియదు. పైగా పోయేది డబ్బా ఒక్కటే కాదు. లోపల వైఫై పాస్‌వర్డ్, నెట్ కనెక్షన్ లాగిన్ కూడా వెళ్లిపోతాయి. సిస్కో పాత పద్ధతిలో ‘దాచిన’ పాస్‌వర్డును విప్పడానికి క్షణం చాలు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం. అంటే అక్కడ తమ రాజ్యం పోయినట్టే. ఇక్కడా దయచేసి తమంతట తామే దిగిపొండి. డబ్బాను ఇనుప జాలీలో పెట్టి తాళం వేయించి, సీరియల్ నంబరు బిల్లు మీద రాసి దాచుకునే పూచీ మాది.

దిగాక తలదాచుకోవడానికి మెట్టుగూడలో గది కావాలంటే మేమే చూసిపెడతాం. అద్దెలోనే వైఫై కలిసి ఉంటుంది. పాస్‌వర్డ్ మాత్రం ఓనర్ ఆంటీని అడగాలి.

ఇట్లు,
తమ పాలనలో నెట్ వాడుకుంటున్న ఒక కిరాయిదారు, మెట్టుగూడ