యా ఇంటోళ్లప్పా? (టీకా తాత్పర్య సహితం)

మూలం: యా ఇంటోళ్లప్పా? వాళ్లకేమన్నా అయితారా? ఇప్పుడు యా పార్టీ?

అవతారిక: ఆదోని పత్తి మార్కెట్‌లోనో, ఎమ్మిగనూరు టీ బంకు దగ్గరో కొత్త మనిషి గ్లాసు చేతిలోకి తీసుకునేలోపే ఈ త్రిపాద సూత్రం వినబడుతుంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవే. కాబట్టి మొదటి పాదం చివరి ‘అప్పా’లో కన్నడ వాసన దోషం కాదు, అలంకారమే.

ప్రతిపదార్థం: యా ఇంటోళ్లు = ఇంటిపేరు చెప్పు; అందులోంచే ఊరు, కులం మేం లాక్కుంటాం, నువ్వు శ్రమపడనక్కర్లేదు. వాళ్లకేమన్నా అయితారా = ఆ పేరుతో ఒక ఎమ్మెల్యే ఉన్నాడు గదా, నిన్ను గౌరవించాలా, అక్కర్లేదా? ఇప్పుడు యా పార్టీ = దీనికి వేరే భాష్యమే కావాలి.

మొదటి పాదానికి పాఠాంతరాల బెడద ఉంది. ఎమ్మిగనూరులో 2004, 2009లో కాంగ్రెస్ తరఫున, 2012 ఉప ఎన్నికలోనూ 2019లోనూ వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన నాయకుడు ఎన్నికల సంఘం జాబితాలో ‘కె. చెన్నకేశవరెడ్డి’, పత్రికల్లో ‘ఎర్రకోట చెన్నకేశవరెడ్డి’. ఏది సాధు పాఠమో ఓటర్లు పట్టించుకోలేదు. ‘రెడ్డి’ని ఇంటిపేరనుకుని చుట్టరికం కలిపేవాడు ఈ శాస్త్రంలో ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నట్టు. 1980లలో ఆదోనిలో తెలుగుదేశం తరఫున గెలిచిన ప్రకాశ్ జైన్ పేరులోని చివరి మాట మతాన్ని చెబుతుంది తప్ప ఇంటిని చెప్పదు.

శంక: ‘వై.’ అన్న పొడి అక్షరం ఆదోనిలోనూ ఉంది, పులివెందులలోనూ ఉంది. రెండూ ఒకే ఇల్లా? సమాధానం: కాదు. అక్కడిది వైఎస్ వారి యెడుగూరి సందింటి, ఇక్కడిది యల్లారెడ్డిగారి. ఇళ్లు వేరైనా పార్టీ ఒకటే కావడంతో శంక పుట్టింది. ఈ యల్లారెడ్డిగారి ఇంటి సోదరుల్లో సాయిప్రసాద్ రెడ్డి 2004లో ఆదోనిలో కాంగ్రెస్ అభ్యర్థిగా, బాలనాగిరెడ్డి 2009లో మంత్రాలయంలో తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచారు. 2019కి వచ్చేసరికి ఆ ఇద్దరూ, గుంతకల్లులో వెంకటరామిరెడ్డీ, ముగ్గురన్నదమ్ములూ ఒకేసారి వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు. అంటే ఇక్కడ జెండాలు మారాకే ఇల్లు ఒకటైంది!

ఇక ‘ఇప్పుడు’. సూత్రానికి ప్రాణం ఈ మాటలోనే ఉంది. ఇది లేకుండా అడిగినవాడికి అబద్ధం చెప్పినా పాపం లేదు. కర్నూలు జిల్లాలో దీనికి మహోదాహరణ కోట్ల వారు. కోట్ల విజయభాస్కరరెడ్డి రెండుసార్లు కాంగ్రెస్ ముఖ్యమంత్రి. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ ఓడించింది ఆయన ప్రభుత్వాన్నే. డోన్ వైపు ఆ ఇంటికి కేఈ కృష్ణమూర్తి వారింటితో వైరం. పల్లెల్లో ‘కోట్ల వర్గం’, ‘కేఈ వర్గం’ అంటే చాలు, పార్టీ పేరు ఎత్తాల్సిన పని ఉండేది కాదు. కుమారుడు సూర్యప్రకాశరెడ్డి 2004, 2009లో కర్నూలు నుంచి కాంగ్రెస్ ఎంపీ, తర్వాత రైల్వే సహాయ మంత్రి. 2019 ఎన్నికల ముందు ఆయన చేరింది ఎక్కడ? తండ్రిని గద్దె దించిన తెలుగుదేశంలో, అంటే కేఈ వారున్న పార్టీలో. 2024లో ఆయన గెలిచింది కేఈ వారి పాత కంచుకోట డోన్‌లో. అదే ఏడాది అదే పార్టీ నుంచి పత్తికొండలో గెలిచింది కేఈ కృష్ణమూర్తి కుమారుడు శ్యాంబాబు. ఊళ్లో కార్యకర్త మాత్రం నిన్నటిదాకా పలకరించని మనిషి పక్కన ఫ్లెక్సీలో నిలబడాల్సి వచ్చింది. వాడి కష్టానికి ఏ వ్యాఖ్యాతా న్యాయం చేయలేడు.

వ్యాకరణ విశేషం: ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్న అక్షరాన్ని లేపేస్తుందనీ పండితులు చెబుతారు. పార్టీ వలసలు కూడా ఈ రెండు రకాలే. ఆలూరులో 2014, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచి మంత్రి కూడా అయిన గుమ్మనూరు జయరాం, 2024లో తెలుగుదేశంలోకి వచ్చి గుంతకల్లులో నిలబడ్డారు. అక్కడ 2014లో గెలిచిన తెలుగుదేశం నేత జితేంద్ర గౌడ్‌కు టికెట్ లేకుండా పోయింది. ఇది ఆదేశమే, సందేహం లేదు. జయరాం ఓడించింది పైన చెప్పిన వెంకటరామిరెడ్డినే.

అపవాదం: ఎమ్మిగనూరులో బి.వి. మోహన్ రెడ్డి తెలుగుదేశం, 2014, 2024లో గెలిచిన కుమారుడు జయనాగేశ్వరరెడ్డీ తెలుగుదేశమే. సూత్రకారుడికి ఇది చికాకు. 2024లో ఈయన మీద ఓడిన బుట్టా రేణుక ఆ లోటు తీర్చారు: 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ, మధ్యలో తెలుగుదేశం, మళ్లీ వైఎస్సార్ కాంగ్రెస్.

తాత్పర్యం రాయబోతే కర్నూలు టీజీ వారు అడ్డం వచ్చారు. టీజీ అంటే తుంబళం గుత్తి. పెద్దతుంబళం ఆదోని ప్రాంతంలోదే. టీజీ వెంకటేశ్ తెలుగుదేశం నుంచి కాంగ్రెస్‌కు, మళ్లీ తెలుగుదేశానికి, రాజ్యసభ సభ్యుడిగా ఉండగానే 2019లో బీజేపీకి వెళ్లారు. కుమారుడు భరత్ తెలుగుదేశంలోనే ఉండి, 2024లో కర్నూలులో గెలిచి మంత్రి అయ్యారు. ఈ ఇంటివాణ్ని ‘ఇప్పుడు యా పార్టీ?’ అని ఏకవచనంలో అడగవచ్చా అన్నది శంక. 2024లో రెండు పార్టీలకూ పొత్తు కుదిరి, ఆదోని సీటు బీజేపీకి వెళ్లి, అక్కడ డాక్టర్ పార్థసారథి సాయిప్రసాద్ రెడ్డిని ఓడించారు. దాంతో శంకాసమాధానం వచ్చే ఎన్నికలకు వాయిదా పడింది.