ఆరు పోర్టుల పద్యం: టీకా తాత్పర్యం

ఆ.
పోర్టులారు చూసి పొంగిపోకన్నయ్య,
ఎమ్ముటూను పెట్ట నెగురు రెండు;
పదియునైదు పిన్లు పవరుకే, డేటాకు
నేడె; చుక్కగుర్తు నెఱిగి మెలగు.

అవతారిక: మా అన్నయ్య సిస్టమ్‌కు నాలుగో డిస్కు తగిలించిన రాత్రి, ఒంటిగంట దాటాక పుట్టిన ఆటవెలది ఇది. కర్తా నేనే, వ్యాఖ్యాతా నేనే. కవిహృదయం కోసం ఎక్కడా వెతకనక్కర్లేదు.

ప్రతిపదార్థము: అన్నయ్య = ఓ అగ్రజుడా; పోర్టులు ఆరు = మదర్‌బోర్డు అంచున ఉన్న ఆరు సాటా పోర్టులను; చూసి = అట్టపెట్టె మీది బొమ్మలో చూసి (మాన్యువల్‌లో కాదని ధ్వని); పొంగిపోకు = డిస్కులకు ఆర్డరు పెట్టేయకుము; ఎమ్ముటూను = 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల రేకులాంటి ఎస్సెస్డీని; పెట్టన్ = రెండో స్లాటులో బిగింపగా; రెండు = ఐదు, ఆరు అంకెల పోర్టులు; ఎగురు = ఉండియు లేనివగును; పదియునైదు పిన్లు = పదిహేను పిన్నులు; పవరుకే = ఎస్‌ఎంపీఎస్ నుండి వచ్చు వైరుకే; డేటాకున్ = సన్న వైరుకు; ఏడె = ఏడు మాత్రమే; చుక్కగుర్తున్ = నక్షత్రపు గుర్తును; ఎఱిగి = చదివి; మెలగు = స్క్రూడ్రైవరు పట్టుము.

ఇచ్చట చుక్క యనగా ఆకాశమందలి చుక్క. బిందువు కాదు. సాయంత్రం పూట వేసేది అసలే కాదు.

తాత్పర్యము: కొత్త ఎమ్ముటూ బిగించి సిస్టమ్ ఆన్ చేశాం. అది దర్శనమిచ్చింది, పెళ్లి వీడియో ఉన్న పాత హార్డ్ డిస్కు మాయమైంది. వదిన ఏమీ అనలేదు. కాఫీ కప్పు మాత్రం బల్ల మీద కాస్త గట్టిగా పెట్టింది. వైరు మార్చాను. టార్చి నోట కరుచుకుని, ఎల్ ఆకారపు నోరు తిరగేసి పెట్టానేమోనని వేలితో తడిమాను. సరిగ్గానే ఉంది. పోర్టు అంకె చూస్తే ఐదు. వైరు దగ్గరగా అందుతుందని ఆనాడు నేనే అక్కడ గుచ్చాను. రెండో అంకె పోర్టుకు మార్చగానే డిస్కు తిరిగొచ్చింది.

పూర్వపక్షము: పోర్టు కంటికి కనబడుతుండగా పని చేయకపోవుట ఎట్లు?

సమాధానము: చిప్‌సెట్ నుంచి వచ్చే దారులు లెక్కపెట్టినన్నే. తయారు చేసినవాడు ఒకే దారికి రెండు గుమ్మాలు పెడతాడు. ఎమ్ముటూ ఒక గుమ్మంలో కూర్చుంటే సాటా గుమ్మం మూతపడుతుంది. ఆ సంగతి దాచడు కూడా, మాన్యువల్‌లోని పట్టిక కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఒక నక్షత్రం పెట్టి చెబుతాడు. ఏ స్లాటు ఏ పోర్టును మింగుతుందో బోర్డు బోర్డుకూ వేరు. కొన్నింటిలో ఏదీ పోదు. కొన్నింటిలో సాటా రకం ఎమ్ముటూ పెడితేనే ఒకటి పోతుంది. కాబట్టి పక్కింటివాడి అనుభవం ఇచ్చట ప్రమాణం కాదు.

పూర్వం ఐడీఈ కాలంలో నలభై పిన్నుల వెడల్పాటి రిబ్బను ఉండేది. ఒక్కో రిబ్బనుకు రెండు డిస్కులు, ఏది మాస్టరో ఏది స్లేవో జంపరు పెట్టి తేల్చాలి. 2003లో సాటా వచ్చి, డిస్కుకో వైరిచ్చి ఉమ్మడి కాపురం విడదీసింది. విడిపోయినా వీధిగుమ్మం ఒకటేనని ఇప్పుడు తెలిసింది.

విశేషము: మూడో పాదం పూరణకే రాశానని అన్నయ్య ఆక్షేపణ. కాదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. డేటా వైరులో పోవడానికో జత, రావడానికో జత, వాటికి అటూ ఇటూ నడుమా కలిపి మూడు గ్రౌండ్లు. అది వదులైతే డిస్కు కనబడదు, అంతే. పవరు సంగతి అలా కాదు. పదిహేనులో 12 వోల్టులకు మూడే పిన్నులు, ఒక్కోటి మోయగలిగేది ఒకటిన్నర ఆంపియర్లు. పెద్ద హార్డ్ డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో సుమారు రెండు లాగుతుంది. ఒకే కనెక్టరుకు స్ప్లిటరు వేసి మూడింటిని వేలాడదీస్తే లెక్క మీరే కట్టుకోండి. అన్నయ్య తెచ్చిపెట్టుకున్న స్ప్లిటరు సరిగ్గా అలాంటిదే. దాన్ని వాడనివ్వక నాలుగు వందలు దండగ చేశావని ఇప్పటికీ అంటాడు. ఇంకో ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన వైరు దీనికి గుచ్చడమూ నిషిద్ధమే: మొన ఒకలా ఉన్నా లోపలి వరస వేరు కావచ్చు, అప్పుడు డిస్కు కాలొచ్చు.

పాఠాంతరము: మర్నాడు అన్నయ్య ఫోన్ చేసి, “తప్పు చేసింది నువ్వు, పద్యంలో నా పేరేంట్రా? ‘పొంగిపో తమ్ముడా’ అని మార్చు,” అన్నాడు. గణాలు చూశాను. రెండూ ర గణాలే, యతి చెడలేదు, ఛందస్సుకు ఢోకా లేదు. “పోకు”లోని “కు” మాత్రం ఎగిరిపోయింది.