బ్రోచే పిన్నీసు

కలకత్తా ఆడవాళ్ల పైట ఎడమ భుజం మీద స్థిరపడిందంటే ఆ ఘనత ఠాకూర్ల ఇంటి కోడలిది. రవీంద్రనాథుడి వదిన జ్ఞానదానందినీ దేవి (1850–1941) భర్త సత్యేంద్రనాథ్ ఐసీఎస్‌కు ఎంపికైన తొలి భారతీయుడు. 1860లలో ఆయన వెంట బొంబాయి బయల్దేరాలంటే ఆవిడకు బయట తిరిగే బట్టలే లేవు. అప్పటి బెంగాలీ అంతఃపురాల్లో రవికా లంగా లేని ఒంటి చీరే కట్టు. సరే, ఫ్రెంచి దర్జీ చేత ప్రత్యేకంగా ఒక డ్రెస్సు కుట్టించారు. అదెంత గొప్పగా కుదిరిందంటే, మొగుడు సాయం పట్టందే ఆవిడ తొడుక్కోలేకపోయింది!

బొంబాయిలో పార్సీ స్త్రీలను చూశాక దారి దొరికింది. లోపల లంగా, పైన రవిక, ఎడమ భుజం మీద పైట, అది జారకుండా బ్రోచ్. కలకత్తా తిరిగొచ్చి, ఈ కట్టు నేర్పుతానని పత్రికలో ప్రకటన కూడా ఇచ్చింది. బ్రహ్మసమాజపు ఇల్లాళ్లు అందుకున్నారు. పేరు ‘బ్రాహ్మికా’ చీర.

బ్రోచ్ అనే ఇంత నాజూకు నగకు పేరు మాత్రం వంటింట్లోంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో ‘బ్రోష్’ అంటే మాంసం గుచ్చి కాల్చే ఇనప చువ్వ. త్యాగయ్య రాముణ్ణి బ్రోవమన్నది వేరే సంగతి. అయినా పైటను బ్రోచేది కాబట్టి మన అర్థమే నప్పుతుందని నేనంటే మా ఆవిడ నవ్వింది. “అది బ్రోచేదేముందండీ? లోపల పిన్నీసు పెట్టి, పైన దాన్ని సోకుకి పెట్టుకుంటాం.”

నిజమే. పని ఒకరిది, పేరొకరిది. ఆ పిన్నీసుకు 1849లో పేటెంటు తీసుకున్న అమెరికావాడు వాల్టర్ హంట్ 15 డాలర్ల అప్పు తీర్చడానికి హక్కులన్నీ 400 డాలర్లకు అమ్మేశాడట. అతని పేరు ఏ ఇల్లాలికి తెలుసు?

మా అత్తగారి మంగళసూత్రానికి సూత్రాలు రెండు, పిన్నీసులు అరడజను. ఆవిడ దుర్గాపూజకి కలకత్తా వచ్చినప్పుడు గరియాహాట్ బజారు జనంలో ఒక బౌదీ (అంటే బెంగాలీలో వదినగారు) బ్రోచ్ ఎవరి సంచి తాడుకో చిక్కుకుని ఊడింది, పైట జారింది. బెంగాలీ ఒక్క ముక్క రాని అత్తగారు మెళ్లోంచి పిన్నీసు ఊడదీసి, రెండు మడతలు వేసి, టక్కున గుచ్చేశారు. ఆ బౌదీ కాళ్లకు దండం పెట్టబోయింది. పక్క పందిట్లో ఉన్న అమ్మవారు ఏమనుకున్నారో!

పూజకి కలకత్తా వచ్చే ఆడపడుచులారా, ఫుట్‌పాత్ మీద గీసి గీసి బేరమాడి బ్రోచ్‌లు కొనుక్కోండి. బస్సెక్కే ముందు మాత్రం లోపల ఒక పిన్నీసు పెట్టుకోండి.