ఓలిన్ దొరగారి దానఖండం

అయ్యా అమెరికా దొరగారూ, జాన్ ఓలిన్ గారూ, దాతలంటే మాకు తెలిసింది బహుతక్కువ. చెరువు తవ్వించినవాడు, తోపు నాటించినవాడు, గుడి కట్టించినవాడు, కావ్యం అంకితం పుచ్చుకున్నవాడు... ఇలా సప్తసంతానాల దగ్గరే మా పూర్వులు లెక్క ఆపేశారు. చెరువులో పశువులు నీళ్ళు తాగుతాయి, తోపులో బాటసారి నడుం వాలుస్తాడు, అంతటితో సరి. న్యాయమూర్తి బుర్రలో ఆలోచన నాటి దేశం మొత్తాన్ని దాని నీడన కూర్చోబెట్టవచ్చని పాపం వాళ్ళకు తోచలేదు. ఎనిమిదో సంతానం తమరికే దక్కింది.

సంపద ఎక్కడిదని దాతను అడగడం మర్యాద కాదు. తమ కంపెనీ అమ్మిన రసాయనాలు, తూటాలు, వించెస్టర్ తుపాకులు, అన్నీ లోకోపకారానికి పనికొచ్చేవే. వర్జీనియాలోని సాల్ట్‌విల్‌లో తమ కంపెనీ ఫ్యాక్టరీ పక్కనున్న నదికి పాదరసం ప్రసాదించి 1972లో మూతపడింది. ఆ నది చేపలు తినొద్దని ప్రభుత్వం జనానికి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత తమరు పెట్టిన ఫౌండేషన్ సొమ్ముతో పైకొచ్చిన పండితులు ప్రభుత్వ నియంత్రణల వల్ల దేశానికెంత నష్టమో లెక్కలు కట్టి చూపించారు. అనుభవజ్ఞుల అన్నం తిని చెప్పిన మాటకు విలువెక్కువ కదా!

1953లో పెట్టిన ఫౌండేషన్‌ది మొదట్నుంచీ గుప్తదానమే. 1958–66 మధ్య సీఐఏ సొమ్ము దాదాపు 20 లక్షల డాలర్లు దాని గుండా వెళ్ళి చేరాల్సిన చోటికి చేరింది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. అసలు చెయ్యి ఎవరిదో కూడా తెలియనివ్వని దానం అది. 1969లో తమరు చదువుకున్న కార్నెల్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు ఒక భవనాన్ని ఆక్రమించి, చేతుల్లో తుపాకులతో బయటికొచ్చారు. తుపాకులు అమ్మినవారికి తుపాకులు చూస్తే అంత మనోవేదన కలుగుతుందని లోకానికి అప్పుడే తెలిసింది. సొమ్మంతా మేధావుల మీద వెచ్చించాలన్న సంకల్పం ఆ వేదనలోంచే బలపడింది.

తమరు పెంచిన లాబ్రడార్ కింగ్ బక్ సామాన్యమైన కుక్కా! వేటగాళ్ళు కొనాల్సిన 1959 నాటి బాతుల స్టాంపు మీదికే ఎక్కింది. పడిన బాతును పన్ను దిగకుండా తెచ్చి యజమాని కాళ్ళ దగ్గర పెట్టడం ఆ జాతి విద్య. పండితులతో వ్యవహరించే నేర్పు తమకు అక్కడే అలవడి ఉంటుంది.

మాజీ ఆర్థికమంత్రి విలియం సైమన్ 1977లో ఫౌండేషన్ పగ్గాలు అందుకున్నారు. తర్వాత వ్యవహారాలు నడిపిన జేమ్స్ పియర్సన్ గారి సూక్ష్మబుద్ధిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. సంప్రదాయవాద న్యాయశాస్త్రానికి డబ్బిస్తామంటే ఏ డీనూ గడప తొక్కనివ్వడు. 'న్యాయశాస్త్రం–ఆర్థికశాస్త్రం' అన్నారు, తలుపులు బార్లా తెరుచుకున్నాయి. హార్వర్డ్, యేల్, షికాగో, స్టాన్‌ఫర్డ్ అన్నీ తమరి పేరును సగౌరవంగా తగిలించుకున్నాయి. ఈ ఒక్క శాస్త్రం మీదే దాదాపు 6.8 కోట్ల డాలర్లు కుమ్మరించారు. లా స్కూళ్ళలోకి దారి చేసుకోవడానికే ఆ పని చేశామని తర్వాత పియర్సన్ గారే చెప్పుకున్నారు. దాచుకోని దొంగతనాన్ని దొంగతనం అనకూడదు.

ఇక న్యాయమూర్తులకు చేసిన అతిథి మర్యాద! హెన్రీ మానీ అనే ఆచార్యుడు 1976 నుంచి ఫెడరల్ న్యాయమూర్తులను ఫ్లోరిడాకు పిలిచి అర్థశాస్త్రం చెప్పించాడు. ఖర్చులు కంపెనీలవీ ఫౌండేషన్లవీ, అందులో తమ చెయ్యీ ఉంది. 1990 నాటికి ఫెడరల్ న్యాయమూర్తుల్లో దాదాపు 40 శాతం ఆ పంక్తిన కూర్చుని లేచినవారే. ఎవరి కేసులో ఏ తీర్పివ్వాలో ఒక్క మాటైనా చెప్పలేదు, ఛ, అలాంటి నీచపు పనులు వేరేవాళ్ళు చేస్తారు. ఎలియట్ యాష్, డేనియల్ చెన్, సురేశ్ నాయుడు అనే పరిశోధకులు మాత్రం పనిలేక ఆ న్యాయమూర్తుల తీర్పులన్నీ తిరగేశారు. అక్కడికి వెళ్ళొచ్చినవారు నియంత్రణ సంస్థలకు వ్యతిరేకంగా ఎక్కువ తీర్పులిచ్చారని, నేరస్థులకు ఎక్కువ కాలం శిక్షలు వేశారని తేల్చారు. ఉప్పు తిన్నందుకు విశ్వాసం చూపడం పాపమా?

ఈ విద్య తమ ఒక్కరి సొత్తే అంటే అబద్ధం. ఫోర్డ్ ఫౌండేషన్ 1970లలో అవతలి పక్షం లాయర్లను పోషించింది. వాళ్ళను చూసే తమరు నేర్చుకున్నారు, గురువును మించిపోయారు.

కృతిభర్తగానూ తమరు తక్కువవారు కాదు. తమ సొమ్ము తోడుగా చార్లెస్ మర్రే 1984లో 'లూజింగ్ గ్రౌండ్' రాశాడు. పేదలకిచ్చే సాయమే వాళ్ళను పేదలుగా ఉంచుతోందని అందులో వాదించాడు. 12 ఏళ్ళు తిరగకుండా అధ్యక్షుడు క్లింటన్ పాత సాయం పథకాన్ని రద్దు చేశాడు. ఉచితంగా ఇస్తే మనిషి చెడిపోతాడని, ఉచితంగా వచ్చిన గ్రాంటుతో నిరూపించడం మాటలా! పైగా ఇదంతా దానమేనని పన్నుల శాఖ మినహాయింపు ఇచ్చింది. ఆ లోటు పూడ్చిన ప్రతి కూలివాడూ అడక్కుండానే తమ పుణ్యంలో వాటాదారుడయ్యాడు.

యేల్‌లో 1982లో సంప్రదాయవాద న్యాయ విద్యార్థులు పెట్టుకున్న ఫెడరలిస్ట్ సొసైటీ తొలి సభకూ తమ వర్గం నుంచే చేయూత అందింది. ఆ తర్వాత తమ ఫౌండేషన్ ఆ సొసైటీని లక్షల డాలర్లతో సాకింది. వారసులు దారి తప్పిస్తారన్న ముందుచూపుతో మొత్తం 37 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 2005లో ఫౌండేషన్ మూసేశారు. 2024 జూన్‌లో, ఫౌండేషన్ లేకపోయినా, హెరింగ్ చేపల పడవలవాళ్ళు తెచ్చిన కేసులో, చట్టంలో తేలని మాటకు ప్రభుత్వ శాఖ చెప్పే అర్థాన్ని కోర్టులు మన్నించాలన్న 40 ఏళ్ళ నాటి సూత్రాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేసిన ఆరుగురికీ ఆ సొసైటీతో ఏదో ఒక నాటి పరిచయం ఉంది. తమరు పోయి అప్పటికి దాదాపు 42 ఏళ్ళు, ఫౌండేషన్ మూతపడి దాదాపు 19 ఏళ్ళు. ఆ తీర్పుకు తమ ఖాతాలోంచి ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు. ఇంత పొదుపరి దాతను ఏ పురాణంలో చూశాం!