మెరుపుబాబు

హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా స్కిన్ క్లినిక్ బోర్డు కనబడ్డ చోటల్లా బైకు ఆపేవాణ్ని మెరుపుబాబు అనుకుందాం. పెళ్లి కుదిరిన మర్నాడే ఇతను తయారవుతాడు. కార్డులు ఇంకా అచ్చుకు పోలేదు, ముహూర్తం నెల రోజుల్లో ఉంది, మొహం మాత్రం అర్జెంటుగా మారాలి. తన ఫొటోకే ఫిల్టర్ పెట్టి తెచ్చి, "మేడమ్, గిట్ల కావాలె, ఎన్ని సిట్టింగులైతయి?" అంటాడు. అతని లెక్క సూటిగానే ఉంటుంది: వెలుతురు తెల్లగా ఉంటుంది, కాబట్టి అది పడ్డ చర్మమూ తెల్లబడాలి. మే నెల వరంగల్ ఎండలో పుట్టి పెరిగినవాడు ఈ సంగతి ఎలా నమ్మాడన్నది వేరే విచారణ.

నిజానికి లేజర్‌కు తెలుపుతో పనిలేదు, నలుపే కావాలి. ఈ వ్యాపారానికంతటికీ ఆధారం 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చెప్పిన సూత్రం: తగిన తరంగదైర్ఘ్యమున్న వెలుగును తగినంత తక్కువ సేపు కొడితే, దాన్ని పీల్చుకునే పదార్థమే వేడెక్కి చెడుతుంది, చుట్టుపక్కల కణజాలం చాలావరకు బతికిపోతుంది. పచ్చబొట్టులో ఆ పదార్థం సిరా, వెంట్రుకలో మెలనిన్. గదిలో కాలిన వెంట్రుక వాసన అందుకే. చిక్కేమిటంటే, అదే మెలనిన్ మన చర్మంలోనూ దండిగా ఉంది. వెంట్రుక కుదురుకు చేరాల్సిన వేడిని పైచర్మమే దారిలో పుచ్చుకుంటే బొబ్బలూ మచ్చలూ మిగులుతాయి. కనుకే మన రంగుకు 1064 నానోమీటర్ల ఎన్డీయాగ్ లేజర్ నయమంటారు. దాన్ని మెలనిన్ తక్కువ పీలుస్తుంది, వెలుగు లోతుకు పోతుంది. ఎండకు కమిలిన మొహంతో వస్తే డాక్టరమ్మ వాయిదా వేస్తారు. మెరుపుబాబుకు తల కొట్టేసినట్టవుతుంది: "నలుపు తీయమని వస్తే, నల్లగున్నవు తర్వాత రా అంటరా?" అంటారు మరి.

"మా దోస్తు మొహం మీది మచ్చలు పోయినయి కదా" అని వాదిస్తాడు. పోతాయి. మచ్చంటే ఒకచోట పోగుపడ్డ రంగు, పక్క చర్మంతో తేడా ఉంది గనుక గురి కుదురుతుంది. మొహం మొత్తాన్నీ మచ్చగా లెక్కగడితే గురి ఎక్కడ? రంగు తయారుచేసే కణాలు జన్యువుల మాట వింటాయి. టోనింగ్ పేరుతో కాస్త పలచబరిచినా మళ్లీ నింపుతాయి, అతిగా కొడితే అక్కడక్కడ చేతులెత్తేసి తెల్లమచ్చలు మిగులుస్తాయి. అట్లని ఇదంతా మోసమనడం కూడా మెరుపుబాబు తర్కమే, తిరగేసిందంతే. హార్మోన్ల తేడాతో గడ్డం మొలిచి నలుగురిలోకి రాలేని ఆడపిల్లకు వెంట్రుకలు తీసే లేజర్ పెద్ద ఊరట. కాకపోతే వెంట్రుకలన్నీ ఒకేసారి ఎదుగుదల దశలో ఉండవు, నెలకోసారి చొప్పున ఎన్నో విడతలు రావాలి. మన పెళ్లికొడుకు ముహూర్తం అంతదాకా ఆగదు. ఈ మాట విన్నాక, కట్టిన డబ్బు దండగ కాకుండా ప్యాకేజీని పెదనాయనకు మార్చమంటాడు, రోజూ గడ్డం గీసుకునే బాధ తప్పుతుందని. అదీ కుదరదు. ఆ ఇంట్లో పూర్తిగా తెల్లబడ్డది పెదనాయన గడ్డమొక్కటే, లేజర్‌కు అది కనబడదు.